సిగ్నల్ రాయి

"అన్నా, షామ్‌బర్గ్‌కి వస్తున్నాం, ఏ సిమ్ తీసుకోమంటారు?"

ఈ ఏడాది మా ఇన్‌బాక్స్‌కి వచ్చిన మెసేజిల్లో సగం ఇవే. మిగతా సగం ఎవరైనా మంచి సంబంధాలుంటే చెప్పమని. రెండోదానికి మా దగ్గర జవాబు లేదు, మాలోనే ఇద్దరికి ఇంకా కుదర్లేదు. మొదటిదానికి మాత్రం ఉంది. ఎందుకంటే మా నలుగురి బువ్వా అదే.

కొత్తగా చదివేవాళ్ల కోసం: మేం అంటే కోదాడ అన్న, కరీంనగర్ బావ, తెనాలి వాడు, పాడేరు తమ్ముడు. ఒకప్పుడు ఆల్గాంక్విన్ రోడ్డు దగ్గర రెండు బెడ్‌రూముల అపార్ట్‌మెంట్లో నలుగురం కలిసే ఉండేవాళ్లం. ఇప్పుడు బావ పెళ్లి చేసుకుని పక్క బిల్డింగుకి మారాడు. అయినా పోస్టు మాత్రం నలుగురం చదివి ఒప్పుకున్నాకే పెడతాం. ఈ పోస్టు కూడా తమ్ముణ్ని అడిగే రాస్తున్నాం. రెండుసార్లు చదివి, ఒక్క వాక్యం కొట్టేయమన్నాడు. కొట్టేశాం.

మా పని పేరు డ్రైవ్ టెస్ట్. ఇంట్లోవాళ్లకి 'సాఫ్ట్‌వేర్' అని చెప్పుకుంటాం గానీ రోజులో ఎక్కువ భాగం డ్రైవర్లమే. అద్దె కారు పైన అయస్కాంతంతో అంటుకునే చిన్న జీపీఎస్ యాంటెన్నా, వెనక సీట్లో వరసగా అరడజను ఫోన్లు, ఇన్వర్టరు, ఒళ్లో లాప్‌టాప్. ఒకడు నడుపుతాడు, ఒకడు తెర చూస్తాడు. గోల్ఫ్ రోడ్డు, హిగ్గిన్స్ రోడ్డు, రోసెల్ రోడ్డు, మీచమ్ రోడ్డు, ప్రతి సందూ గొందీ తిరగాలి. ఆ ఫోన్లు వాటంతట అవే ఒకదానికొకటి కాల్ చేసుకుంటాయి, ఏదో ఒక ఫైలు దించుకుంటూనే ఉంటాయి, తుడిపేస్తూనే ఉంటాయి. మనుషులు మాట్లాడని మాటల కోసం అన్ని మైళ్లు తిరగడం మొదట్లో నవ్వొచ్చేది. సిగ్నల్ బలాన్ని డీబీఎం అనే లెక్కలో కొలుస్తాం. అన్నీ మైనస్సు అంకెలే. మైనస్ 80 అంటే భేషు, 110 అంటే గండం, 120 దాటితే దేవుడి మీద భారం. మ్యాపు మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు చుక్కలు పడతాయి. ఎర్ర చుక్కలు ఎందుకు పడ్డాయో ఇంజనీర్లు చూసి యాంటెన్నాని రెండు డిగ్రీలు కిందికి వంచమంటారు, లేదా పక్కకి తిప్పమంటారు. మేం మళ్లీ వెళ్లి తిరగాలి.

ఇళ్ల మధ్య వీధుల్లో గంటకి పదిహేను మైళ్ల వేగంతో తిరిగే మనలాంటి మొహాల్ని చూస్తే ఎవరికైనా అనుమానమే. ఒకసారి ఒక పెద్దావిడ గేరేజి ముందు నిలబడి మమ్మల్ని మూడు రౌండ్లు చూసింది. నాలుగో రౌండుకి పోలీసు కారు వచ్చింది. అనుమతి కాగితం చూపించాం. ఆయన చదివి, ఆవిడకి వెళ్లి చెప్పాడు. ఆవిడ నేరుగా మా దగ్గరికి వచ్చి, "అయితే మా వంటింట్లో ఫోన్ ఎందుకు పని చెయ్యదు?" అని మొదలుపెట్టింది. పోలీసాయన మమ్మల్ని ఆవిడకి అప్పగించి వెళ్లిపోయాడు.

ఆవిడకి చెప్పిందే మీకూ చెప్తాం. ఏ సిమ్ మంచిదనేది ఊరిని బట్టి కాదు, మీ గోడని బట్టి. వేడిని ఆపే పూత పూసిన కొత్త రకం కిటికీ అద్దాలు సిగ్నల్‌నీ ఆపేస్తాయి. బేస్‌మెంటులో అద్దెకి దిగుతున్నారా, వైఫై కాలింగ్ ఆన్ చేసుకోండి, ఇంక నెట్‌వర్క్ పేరుతో పని లేదు. వేసవిలో చెట్లు ఆకులేస్తే ఎక్కువ ఫ్రీక్వెన్సీ సిగ్నల్ మందగిస్తుంది, ఆకులు రాలాక పుంజుకుంటుంది. మే నెలలో ఫోన్ పాడైందని కొత్తది కొనకండి. సస్తా ప్లాన్లు కూడా పెద్ద కంపెనీల టవర్ల మీదే నడుస్తాయి గానీ, రద్దీ వేళ చాలావాటిని క్యూలో వెనక్కి నెడతారు. శనివారం సాయంత్రం వుడ్‌ఫీల్డ్ మాల్లో తేడా తెలుస్తుంది. ఇండియా సిమ్ మాత్రం పారేయకండి. కనీస రీచార్జి చేస్తూ, రోమింగ్ ఆన్ చేసి ఉంచండి. అర్ధరాత్రి బ్యాంకు ఓటీపీ రాక ఏడ్చినవాళ్లని చాలామందిని చూశాం, మాతో కలిపి.

సలహా అయిపోయింది. సిమ్ కోసం వచ్చినవాళ్లు ఇక్కడ ఆగిపోవచ్చు.

మేం ఈ పని చేస్తున్న ఊరు మామూలు ఊరు కాదు. 1976లో మోటరోలా తన ప్రధాన కార్యాలయాన్ని ఇక్కడికి, ఈ ఆల్గాంక్విన్ రోడ్డు మీదికే తెచ్చింది. చేత్తో పట్టుకుని మాట్లాడే మొదటి సెల్‌ఫోన్ ఆ కంపెనీదే. 1973 ఏప్రిల్ 3న మార్టిన్ కూపర్ న్యూయార్క్ వీధిలో నిలబడి చేసిన కాల్ అది. పదేళ్ల తర్వాత, 1983 అక్టోబర్ 13న, అమెరికాలో మొట్టమొదటి వాణిజ్య సెల్యులర్ నెట్‌వర్క్ మొదలైంది కూడా మన చికాగోలోనే. అమెరిటెక్ అనే కంపెనీ సోల్జర్ ఫీల్డ్ స్టేడియం దగ్గర్నుంచి, టెలిఫోన్ కనిపెట్టిన గ్రాహం బెల్ వంశంవాడొకాయనకి జర్మనీకి ఫోన్ కలిపింది. అప్పటి మోటరోలా ఫోన్ ధర 3,995 డాలర్లు, బరువు ముప్పాతిక కిలో పైచిలుకు. అరగంట మాట్లాడాలంటే పది గంటలు చార్జింగ్ పెట్టాలి. మన దేశంలో మొదటి సెల్ కాల్ 1995 జులై 31న, జ్యోతి బసు కలకత్తా నుంచి ఢిల్లీలో సుఖ్‌రామ్‌కి చేశారు. వచ్చిన కాల్‌కి కూడా డబ్బులు కట్టిన రోజులవి. మిస్డ్ కాల్ అనే భాషని మనవాళ్లు కనిపెట్టింది అప్పుడే.

ఆ మోటరోలా ఇప్పుడు ఇక్కడ అప్పటిలా లేదు. కంపెనీ ముక్కలైంది, నెట్‌వర్క్ వ్యాపారం 2011లో నోకియా సీమెన్స్‌కి పోయింది, హెడ్డాఫీసులు చికాగో నగరంలోకి మారిపోయాయి. ఆ స్థలంలో కొంత మేర జ్యూరిక్ ఇన్సూరెన్స్ వాళ్ల గాజు భవనం లేచింది. ఆ పక్కగా తిరిగినప్పుడల్లా మా తెనాలి వాడు కారులోనే దణ్ణం పెడతాడు. "అన్నదాత స్థలం రా" అంటాడు.

ఈ దేశంలో టవర్లు కనబడవు, అదొక వింత. ఒకటి పైన్ చెట్టు వేషంలో ఉంటుంది, ఒకటి చర్చి గోపురంలో దాక్కుంటుంది. ఎక్కువగా ఊరి నీళ్ల ట్యాంకుల మెడ చుట్టూ తెల్లటి పెట్టెల్లా యాంటెన్నాలు ఉంటాయి. మొదటిసారి అది చూపిస్తే పాడేరు తమ్ముడు చాలాసేపు నవ్వాడు. వాడు హైస్కూల్లో ఉండగా హాస్టల్ నుంచి ఇంటికి మాట్లాడాలంటే, వాళ్ల పిన్ని కొడుకు ఊళ్లో నీళ్ల ట్యాంకు ఎక్కేవాడట. "మేం మనుషులు ఎక్కుతాం, వీళ్లు యాంటెన్నాలు ఎక్కిస్తారు" అన్నాడు.

వాళ్ల ఊరు పాడేరు నుంచి ఇంకా పైకి. ఘాట్ దిగి, వాగు దాటి, మళ్లీ ఎక్కాలి. ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో దారి మలుపు దగ్గర పెద్ద బండరాయి ఉంది. లోయకి అవతలి టవర్ నుంచి సిగ్నల్ అక్కడ పడుతుంది. రాయి మీద కూర్చుంటే రెండు గీతలు, దిగితే సున్నా. ఊరంతా దాన్ని సిగ్నల్ రాయి అంటారు. మన్యంలో ఇలాంటి రాళ్లు, చెట్లు, గుట్టలు ఊరికొకటి ఉంటాయి. సరదాకి వాడేవి కావు అవి. బియ్యం ఇచ్చే ఈపాస్ మిషను మీద వేలిముద్ర పడాలంటే సర్వర్‌తో మాట్లాడాలి, దాని కోసం మిషను పట్టుకుని గుట్ట ఎక్కడం పేపర్లో మీరూ చూసుంటారు. కోవిడ్‌లో పిల్లల ఆన్‌లైన్ క్లాసులు గుట్టల మీదే. నొప్పులొచ్చిన ఆడమనిషిని డోలీలో మోసుకుంటూ దిగేవాళ్లు, 108కి ఫోన్ చెయ్యాలంటే ముందు ఒకణ్ని రాయి దగ్గరికి పరిగెత్తించాలి.

2022 జనవరి 17, సోమవారం రాత్రి. ఆ వారం మాకు ఊపిరాడని పని. బుధవారం, అంటే 19న, ఇక్కడి రెండు పెద్ద కంపెనీలు సీ-బ్యాండ్ అనే కొత్త 5జీ మొదలుపెడుతున్నాయి. ఆ స్పెక్ట్రమ్ వేలంలో మొత్తం 81 బిలియన్ డాలర్లు పోశారు, కాబట్టి ఆన్ చేసే ముందు ఎలా ఉంది, చేశాక ఎలా ఉంది అని వాయవ్య శివార్లన్నీ మేం కొలవాలి. రాత్రి ఎనిమిదిన్నరకి తమ్ముడికి ఫోన్. అక్కడ మంగళవారం పొద్దున్న. పిన్ని కొడుకు రాయి మీద నుంచి చేశాడు. నాన్న తెల్లవారుజామున పోయాడు. నిద్రలోనే.

తమ్ముడు ఏడవలేదు, లెక్కలు వేశాడు. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు ఇంకా ఉంది, అది అదృష్టం. కోవిడ్ కాలం కాబట్టి 72 గంటల లోపు ఆర్‌టీపీసీఆర్ ఉండాలి, ఎయిర్ సువిధలో ఎక్కించాలి. మంగళవారం పొద్దున్నే వేగంగా ఫలితం ఇచ్చే చోటికి తీసుకెళ్లాం. బుధవారం చికాగో నుంచి ఢిల్లీకి నేరుగా వెళ్లే విమానంలో టికెట్ దొరికింది. మేమూ ఉన్నంత వేశాం. శుక్రవారం పొద్దునకి ఊళ్లో ఉంటానని రాయి మీదున్న తమ్ముడికి చెప్పాడు. వాళ్లు పాడేరు నుంచి ఫ్రీజర్ బాక్స్ తెప్పించారు. కరెంటు నమ్మకం లేదని జనరేటరూ తెప్పించారు. కొడుకు వచ్చేదాకా ఉంచుతామన్నారు.

మంగళవారం రాత్రి తొమ్మిదికి, మేం సూట్‌కేస్ బరువు తూస్తుండగా, విమానం రద్దయిందని మెసేజ్.

కారణం చదివి అందరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. 5జీ.

విమానం కింద రేడియో ఆల్టిమీటర్ అని ఒక పరికరం ఉంటుంది. నేల మీదికి తరంగాలు పంపి, తిరిగొచ్చే సమయాన్ని బట్టి ఎంత ఎత్తులో ఉందో చెబుతుంది. మంచులో, మబ్బులో దిగేటప్పుడు పైలట్‌కి అదే కన్ను. అది పనిచేసేది 4.2 నుంచి 4.4 గిగాహెర్ట్జ్‌లో. కొత్త సీ-బ్యాండ్ 3.7 నుంచి 3.98 దాకా. మధ్యలో ఖాళీ ఉంది, కానీ పాత ఆల్టిమీటర్లకి పక్కింటి గోల కూడా వినిపిస్తుందేమోనని భయం. ఎఫ్‌ఏఏ 50 విమానాశ్రయాల చుట్టూ జాగ్రత్త మండలాలు గీసింది, వాటిలో మన ఓహేర్ ఒకటి. ఆఖరి నిమిషంలో రన్‌వేల దగ్గరి టవర్లని ఆన్ చెయ్యకుండా ఆపుతామని ఆ కంపెనీలు ఒప్పుకున్నాయి. అయినా 777 రకం విమానాలకి స్పష్టమైన అనుమతి రాకముందు బయల్దేరడం ఎందుకని కొన్ని విదేశీ సంస్థలు ఆ రోజుకి చికాగో సర్వీసులు ఆపేశాయి. ఎవరిదీ తప్పని మేం అనం. మా కొలతలు పెట్టుకుని మూడొందల మందిని ఎవరూ పణంగా పెట్టరు.

కానీ ఆ నెట్‌వర్క్ కోసం మూడు నెలలుగా ఊరూరా తిరిగింది మేమే. తమ్ముడు కూడా.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. విమానం లేదని ఊరికి చెప్పాలి. అక్కడ బుధవారం పొద్దున్న ఎనిమిదిన్నర. పిన్ని కొడుకు రాయి దిగి వెళ్లిపోయాడు, శవం దగ్గర పనులుంటాయి కదా. తొమ్మిది నుంచి పదకొండు దాకా తమ్ముడు చేస్తూనే ఉన్నాడు. మీరు కాల్ చేస్తున్న చందాదారు కవరేజ్ ఏరియాలో లేరని ఒక ఆడగొంతు, తెలుగులో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి. ఎంత మర్యాదగా చెబుతుందో ఆవిడ. కోదాడ అన్న ఫోన్ లాక్కుని తను చేశాడు, ఏదో తన వేలిలో మహిమ ఉన్నట్టు. ఆఖరికి పాడేరులో రీచార్జి కొట్టు పెట్టుకున్న చిన్నప్పటి స్నేహితుడు దొరికాడు. విషయం వినగానే షట్టర్ దించి బైకు తీశాడు. ఆ రోడ్డు మీద గంటన్నర. ఈ గంటన్నరలో మా హాల్లో ఎవరూ కూర్చోలేదు.

రాత్రి ఒంటిగంట దాటాక ఫోన్ మోగింది. రాయి మీద నుంచి వాళ్లమ్మ. ఆవిడ రెండు కిలోమీటర్లు నడిచి వచ్చింది. తమ్ముడు స్పీకర్ తియ్యడం మర్చిపోయాడు, అందుకని మేం విన్నాం.

"విమానం ఎందుకు ఆగిపోనాది నాయనా?"

"సిగ్నల్ వల్లమ్మా."

కాసేపు గాలి హోరు. "అక్కడ కూడా లేదా?"

వాడు ఉందనీ చెప్పలేదు, లేదనీ చెప్పలేదు. "మీరు కానిచ్చేయండమ్మా, నాన్నని ఇంక ఉంచొద్దు" అన్నాడు. ఆవిడ సరే అంది. అన్నం తిన్నావా అని అడిగింది.

బుధవారం పొద్దున్న మాలో ఇద్దరం పనికి వెళ్లాం. వెళ్లక తప్పదు, ఆ రోజు కోసమే మమ్మల్ని పెట్టుకున్నారు. తమ్ముడి రూటు తెనాలి వాడు నడిపాడు. బస్సీ వుడ్స్ అడవి పక్కన, కంచె వెనక ఎల్క్ జింకలు మంచులో నిలబడి ఉంటాయే, అక్కడ తెర మీద మొదటిసారి కొత్త బ్యాండ్ పట్టుకుంది. సెకనుకి 600 మెగాబిట్లు దాటింది. మామూలుగా అయితే ఫొటో తీసి గ్రూపులో పెట్టేవాళ్లం.

ఆ సాయంత్రం పిన్ని కొడుకు దహనం వీడియో తీశాడు. పంపడానికి రాయి మీద కూర్చున్నాడు, ఎక్కలేదు. మర్నాడు పాడేరు దిగి వచ్చి పంపాడు. మేం కూడా ఎదురుచూశాం. మా ఇంట్లో అరడజను టెస్ట్ ఫోన్లు, మూడు కంపెనీల సిమ్ములు, గోడకి వైఫై. అన్నిట్లోనూ నిండు గీతలు. వాట్సాప్‌లో ఆ గుండ్రం గుర్తు తిరుగుతూనే ఉంది. తెగింది, మళ్లీ మొదలైంది. ఆఖరికి నాలుగు ముక్కలుగా వచ్చింది, బొమ్మ అంతా మసక. తమ్ముడు బెడ్‌రూములోకి వెళ్లి ఒక్కడే చూశాడు. మేం వంటింట్లో నిలబడ్డాం. కరీంనగర్ బావ ఉత్తినే గిన్నెలు కడిగాడు.

అనుమతులు వచ్చి గురువారం విమానాలు మళ్లీ కదిలాయి. అదే ఆర్‌టీపీసీఆర్ కాగితం గడువు ఇంకా మిగిలి ఉంది, దాంతోనే ఎక్కాడు. అప్పట్లో బయటి దేశం నుంచి వచ్చినవాళ్లు ఏడు రోజులు ఇంట్లోనే ఉండాలని నియమం. ఊరి చివర చిన్నాన్న పాకలో ఉండి, కర్మ నాటికి బయటికొచ్చాడు. ఓహేర్‌లో దింపి వచ్చేటప్పుడు మేం కారులో రేడియో కూడా పెట్టలేదు.

ఆ తర్వాత చాలా జరిగాయి. అదే ఏడాది ఇక్కడ 3జీని ఒక్కొక్క కంపెనీ ఆపేసింది. పాత ఫోన్లు ఒక్కరోజులో ఇటుకలైపోయాయి. విమానాల ఆల్టిమీటర్లకి ఫిల్టర్లు పెట్టారు. మన దేశంలో అదే అక్టోబర్ 1న 5జీ మొదలైంది. అంతకు ముందు జులైలో, సిగ్నల్ లేని 24,680 ఊళ్లకి 4జీ ఇవ్వడానికి కేంద్రం 26,316 కోట్లు మంజూరు చేసింది. పాడేరు అప్పటికి అల్లూరి సీతారామరాజు జిల్లా కేంద్రం అయింది. 2023 జూన్‌లో రాష్ట్రంలో మారుమూల ప్రాంతాల కోసం 100 టవర్లు ఒకేసారి ప్రారంభించారు, వాటిలో ఎక్కువ ఆ జిల్లాలోనే. 2025 సెప్టెంబర్ 27న బీఎస్‌ఎన్‌ఎల్ స్వదేశీ 4జీని ఒడిశాలోని ఝార్సుగూడలో మొదలుపెట్టారు, 97,500 టవర్లట. ఈ అంకెలన్నీ తమ్ముడికి నోటికొచ్చు. క్రికెట్ స్కోర్లు చెప్పినట్టు చెబుతాడు. మంజూరుకీ మోగడానికీ మధ్య ఎంత దూరమో కూడా వాడికే తెలుసు. స్తంభం లేచాక కరెంటు రావాలి, కరెంటు వచ్చాక కొండల మీదుగా పై టవర్‌తో లింకు కలవాలి. వాళ్ల ఊరి టవర్ చాన్నాళ్లు మేకలకి నీడ మాత్రమే ఇచ్చింది.

మొన్న దసరా తర్వాత అది మోగింది. పిన్ని కొడుకు ఇంట్లోంచే వీడియో కాల్ చేసి, టవర్ చూపించి, పొయ్యి చూపించి, మేకల్ని కూడా చూపించాడు. మేం నలుగురం తెర చుట్టూ మూగాం. తెనాలి వాడు అలవాటుకొద్దీ "హ్యాండోవర్ టెస్ట్ చెయ్, నడువు, నడువు" అని వాడి చేత ఊరంతా తిప్పించాడు. ఒక్క చోట కూడా తెగలేదు.

అమ్మ మాత్రం కనబడలేదు. ఎక్కడుందంటే రాయి దగ్గరికి వెళ్లిందన్నాడు. తమ్ముడు ఆవిడ నంబరుకి చేశాడు. గాలి హోరు, వెనక కొండ. ఇంట్లోనే వస్తోంది కదమ్మా, ఈ కాళ్లతో అంత దూరం ఎందుకు నడిచావంటే, ఇంట్లో అందరూ వింటారంది.

"సరే గానీ, అక్కడ ఎన్ని గీతలున్నాయి?" అని అడిగాడు మావాడు.

ఆవిడ ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుని చూసింది. మాకు తెర నిండా ఆవిడ నుదురే కనిపించింది.

"నాలుగున్నాయిరా" అంది. "ఎన్నుండాలి?"